సినిమా తీయడం నేర్పుతున్నాం, చూపడం ఎవరు నేర్పాలి?

2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ మళ్లీ థియేటర్లకు వచ్చింది. అప్పటి నుంచి మన ఊళ్లలో పాత సినిమాకు కొత్త గిరాకీ పుట్టింది. ‘జల్సా’, ‘ఖుషి’, ‘సింహాద్రి’ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1990 మే 9న విడుదలైన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ సరిగ్గా 35 ఏళ్లకు అదే తేదీన మళ్లీ తెర మీదికి వచ్చింది. ఇరవై ఏళ్ల పిల్లలు తాము పుట్టకముందు వచ్చిన సినిమాకు టికెట్ కొనుక్కుని వెళ్లడం నాకెంతో సంతోషం కలిగించింది. అయితే ఏ సినిమా మళ్లీ రావాలో ఎవరు తేలుస్తున్నారు? చాలాసార్లు హీరో పుట్టినరోజు తేలుస్తోంది. మిగతా రోజుల్లో టీవీ చానల్ దగ్గరున్న హక్కులు, ఫోన్‌లోని యాప్ తేలుస్తున్నాయి. ఎంపిక అనేది ఎప్పుడూ ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు. దానికి చరిత్ర తెలిసిన మనిషి, బాధ్యత ఉన్న మనిషి కావాలి. అలాంటి మనుషులను తయారుచేసే పీజీ కోర్సు ఒకటి తెలుగు నేల మీద మొదలుకావాలి.

ఫిల్మ్ క్యురేషన్ అనే ఈ చదువు బయటి దేశాల్లో కొత్తది కాదు. అమెరికాలో రోచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం సినిమాలను భద్రపరచడం నేర్పే స్కూలును 1996లోనే పెట్టింది. ఆమ్‌స్టర్‌డామ్, ఫ్రాంక్‌ఫర్ట్, గ్లాస్గో, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయాల్లో పీజీ కోర్సులున్నాయి. లండన్ దగ్గర బీకన్స్‌ఫీల్డ్‌లో ఉన్న నేషనల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ స్కూల్, డైరెక్షన్‌నూ ఎడిటింగ్‌నూ నేర్పినట్టే దీన్నీ ఒక ఎంఏగా నేర్పుతోంది. నేను స్కాట్లాండ్‌లో ఏడాది కోర్సు చదివాను. ఏ సినిమాను ఎవరికి చూపాలి, దేని పక్కన పెట్టి చూపాలి, ప్రింటు ఎక్కడుంది, హక్కు ఎవరిది, హాలు అద్దె ఎక్కడి నుంచి వస్తుంది, పరిచయ వాక్యాలు ఎవరు రాస్తారు. ఏడాది పొడవునా ఈ ప్రశ్నలే.

మా నాన్నగారు విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా పనిచేశారు. ప్రింటు బాక్సుతో పాటు బస్సెక్కి గుడివాడ, నూజివీడు, తిరువూరు వెళ్లడం, ఆట ఆటకూ తెగిన టికెట్లు లెక్కపెట్టడం, రాత్రికి డీసీఆర్ అనే రోజువారీ వసూళ్ల లెక్క రాసి పంపడం ఆయన ఉద్యోగం. ఏ ఊరివాళ్లు పౌరాణికానికి విరగబడి వస్తారో, ఏ హాల్లో వెనక బెంచీలకు మాటలు వినపడవో, ఏ ఆపరేటర్ రీలు మార్చేటప్పుడు తెర మీద క్షణం కూడా చీకటి పడనివ్వడో ఆయనకు కంఠతా వచ్చు. నేను ఈ కోర్సులో చేరతానన్నప్పుడు, ఫీజూ ఖర్చులూ కలిపితే 30 లక్షలు దాటుతుందని విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: “అమ్మాయ్, ఏ ఊళ్లో ఏ బొమ్మ వెయ్యాలో మేమూ ఏళ్ల తరబడి నేర్చుకున్నదే. కాకపోతే మా కాగితాల్లో వసూళ్లే ఉండేవి. ఆడేశాక ఆ బొమ్మ ఏమైందో రాసే గడి లేదు.”

నేను చదివిన చదువంతా ఆ లేని గడి గురించే. పెద్ద ఊళ్ల ‘ఏ’ సెంటర్‌లో మొదలైన ప్రింటు చిన్న ఊళ్ల ‘బీ’, ‘సీ’ సెంటర్లు తిరిగి తిరిగి, గీతలు పడి, అతుకులు పడి, చివరికి గోడౌన్‌కు చేరేది. అక్కడి నుంచి కిలోల లెక్కన పోయేది, ఫిల్మ్‌లోని వెండి కోసం. మన దేశంలో మూకీల కాలంలో 1,300కు పైగా సినిమాలు తీస్తే ఇవాళ 30 కూడా మిగల్లేదు. రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ మనకు చూసే వీలు లేదు. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా అంతే. ఆ టాకీ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు రాసుకున్నాం, ఉత్సవాలు చేసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ సెన్సార్ రికార్డులూ ఆనాటి పత్రికలూ వెతికి, సెన్సార్ అయ్యిందే 1932 జనవరిలో అని, విడుదల 1932 ఫిబ్రవరి 6న అని నిరూపించారు. ఒక భాషలో మొదటి టాకీ పుట్టిన తేదీ తేలడానికి ఒక పాత్రికేయుడు సొంత పట్టుదలతో తిరగాల్సి వచ్చింది. ఆయన చేసింది విశ్వవిద్యాలయంలో ఒక శాఖ చేయవలసిన పని.

కోర్సు కోసం స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో దిగిన కొద్ది వారాలకే నాకు పెద్ద పాఠం ఎదురైంది. 2022 అక్టోబర్ 6న ఆ ఊరి ఫిల్మ్‌హౌస్ మూతపడింది. లోథియన్ రోడ్డులో ఒకప్పటి చర్చిలో నడిచే సినిమా హాలు అది. దాన్నీ, అబర్డీన్‌లో మరో హాలునూ, 1947లో డాక్యుమెంటరీలతో మొదలైన ఎడిన్‌బరో అంతర్జాతీయ చలనచిత్రోత్సవాన్నీ ఒకే ధర్మసంస్థ నడిపేది. కోవిడ్ తర్వాత ప్రేక్షకులు మునుపటిలా తిరిగి రాలేదు. కరెంటు ఖర్చు విపరీతంగా పెరిగింది. ఒకే రోజున రెండు హాళ్లూ, ఉత్సవమూ ఆగిపోయి, వంద మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. గొప్ప సినిమాలు ఎంపిక చేయడం నేర్చుకుందామని వెళ్లినవాళ్లం హాలు ఎలా బతుకుతుందో లెక్కలు వేయడం నేర్చుకున్నాం. టికెట్ మీద ఎంత వస్తుంది, పంపిణీదారుకు ఎంత పోతుంది, కేఫ్‌లో కాఫీ అమ్మకం ఏ సినిమాకు ఆసరా అవుతుంది, ప్రభుత్వ గ్రాంటు ఆగితే ఎన్ని నెలలు నిలబడగలం. ఈ లెక్కలు రాని క్యురేటర్ ఎంత చదివినా ఒక్క హాలునూ నిలబెట్టలేడు.

ఆ ఊరివాళ్లు ఊరుకోలేదు. విరాళాలు పోగుచేశారు, కొత్త సంస్థ పెట్టుకున్నారు, అదే భవనాన్ని మళ్లీ లీజుకు సంపాదించారు. 2025 జూన్‌లో ఫిల్మ్‌హౌస్ తలుపులు తెరుచుకున్నాయి. దశాబ్దాల పాటు ఎవరో శ్రద్ధగా సినిమాలు ఎంచి, పక్కన కూర్చోబెట్టుకుని చూపించినందువల్లే ఆ హాలు తమదని ఊరు అనుకుంది. మన దగ్గర యాభై ఏళ్ల హాలు కూల్చి ఫంక్షన్ హాలు కడుతుంటే, ఫొటో తీసి పెట్టుకుని ఆ వారం బాధపడతాం. అంతకు మించి ఏం చేయాలో మనకెవరూ చెప్పలేదు.

ఎంపికకు ఉండే బలం ఎంతటిదో ఆ ఊరి చరిత్రే చెబుతుంది. 1969లో ఎడిన్‌బరో ఉత్సవం అమెరికన్ దర్శకుడు శామ్యూల్ ఫుల్లర్ సినిమాలన్నీ వరసగా వేసింది. చవకరకం క్రైమ్, యుద్ధ సినిమాలు తీసేవాడని చాలామంది తీసిపారేసిన మనిషిని అందరూ కూర్చుని చూడవలసిన దర్శకుడిగా నిలబెట్టింది. 1972లో లిండా మైల్స్, లారా మల్వీ, క్లెయిర్ జాన్‌స్టన్ అనే ముగ్గురు స్త్రీలు అదే ఉత్సవంలో స్త్రీలు తీసిన సినిమాలకే ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. ఐరోపాలో అలాంటి తొలి ప్రయత్నాల్లో అదొకటి. మూడేళ్ల తర్వాత లారా మల్వీ ప్రచురించిన వ్యాసం ఇవాళ్టికీ ప్రపంచమంతటా సినిమా తరగతుల్లో పాఠం. ఈ ముగ్గురూ ఆ ఉత్సవానికి కొత్త సినిమా ఏదీ తీయలేదు. ఉన్నవాటిని వెతికి, ఒకచోట చేర్చి, చూపించారు. దానితోనే సినిమా గురించి మాట్లాడుకునే తీరు మారింది.

నా వంతు ప్రోగ్రామ్ తయారుచేయవలసి వచ్చినప్పుడు నేను మూడు తెలుగు సినిమాలు తీసుకున్నాను. మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ కథ ‘కఫన్’ ఆధారంగా తీసిన ‘ఒక ఊరి కథ’. శ్యామ్ బెనెగల్ 1978లో వాణిశ్రీ, స్మితా పాటిల్, అనంత్‌నాగ్‌లతో తీసిన ‘అనుగ్రహం’. గౌతమ్ ఘోష్ 1979లో కిషన్ చందర్ నవల ఆధారంగా తెలంగాణ సాయుధ పోరాటం మీద తీసిన ‘మా భూమి’. మూడేళ్ల వ్యవధిలో, తెలుగు మాతృభాష కాని ముగ్గురు దర్శకులు, ఇంకా వేరే భాషల రచనలు తీసుకుని, తెలుగులో సినిమాలు తీశారు. ఇలా ఎందుకు జరిగింది? ఎమర్జెన్సీ అప్పుడే ముగిసింది. పల్లెలో భూమి ఎవరిది, దేవుడు ఎవరి పక్షం, ఆకలికి నీతి ఉంటుందా అన్న ప్రశ్నలు గాలిలో ఉన్నాయి. అందులో బెనెగల్‌ను పూర్తిగా బయటివాడు అనడానికీ వీల్లేదు, ఆయన పుట్టింది సికింద్రాబాద్ తిరుమలగిరిలో. ఈ మూడింటినీ మూడు రాత్రులు వరసగా చూస్తే ఒక్కొక్కటిగా చూసినప్పుడు కనపడనిది కనపడుతుంది. ‘ఒక ఊరి కథ’లో ముసలి వెంకయ్య పని చేయననడం ఒక రకం తిరుగుబాటు, ‘మా భూమి’లో రామయ్య తుపాకీ పట్టడం మరో రకం. ఈ రెంటి మధ్య ‘అనుగ్రహం’ వచ్చి, ఊరంతా ఒక మనిషిలో దేవుణ్ని చూడటం మొదలుపెడితే ఏమవుతుందో చెబుతుంది. నా జీవితంలో నేను చేసిన పనుల్లో ఈ వరస తయారుచేయడం నాకెంతో ఇష్టమైనది.

కాగితం మీద అంతా బాగుంది. చివర నింపాల్సిన గళ్ళు రెండున్నాయి: చూపదగిన ప్రతి ఎక్కడుంది, అనుమతి ఎవరు ఇవ్వాలి. వీటి కోసం వారాల తరబడి ఫోన్లు చేశాను. ఒకరు ఇంకొకరి పేరు చెప్పారు, వాళ్లు మరొకరి పేరు చెప్పారు. ఒక ఆఫీసులో ఫోనెత్తినాయన మర్యాదగా, “ఇవన్నీ ఇప్పుడెవరు చూస్తారమ్మా” అన్నారు. నా తోటి విద్యార్థిని ఒకామె తన దేశపు పాత సినిమాల ప్రతులు ఎక్కడున్నాయో మధ్యాహ్నానికల్లా ఆర్కైవ్ కేటలాగు చూసి రాసేసుకుంది. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ అలాగే ఉంది.

హక్కుల సంగతి కూడా ఎంత లోతుందో అప్పుడే తెలిసింది. మన చట్టం ప్రకారం సినిమాకు కాపీరైట్, విడుదలైన తర్వాతి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు. అంటే 1957 నాటి ‘మాయాబజార్’ సినిమాకు ఆ గడువు 2017తో ముగిసింది. అయితే మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు. రచనకు రచయిత మరణానంతరం 60 ఏళ్లు. కాబట్టి ఆ రచన మీద హక్కు 2031 దాకా ఉంటుంది. పైగా హక్కు ముగిసినంత మాత్రాన మంచి నెగెటివ్ మన చేతికి వచ్చేయదు, అది ఎవరి గదిలో ఉంటే వాళ్లనే అడగాలి. 2010లో రంగులద్దిన ప్రతిది మళ్లీ వేరే లెక్క. చిన్న ఊళ్లో ఫిల్మ్ సొసైటీ నడిపే లెక్చరర్ ఇవన్నీ ఎవరిని అడిగి తెలుసుకోవాలి?

చూపే రూపం కూడా చదువులో భాగమే. తెలుగులో తొలి సినిమాస్కోప్ 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’. అంతకు ముందు మన సినిమాలు దాదాపు చతురస్రంగా ఉండే ఫ్రేములో తీసినవి. వాటిని ఇప్పటి వెడల్పాటి తెర నిండా సాగదీస్తే మనుషులు పొట్టిగా, లావుగా అవుతారు. పైనా కిందా కోసేస్తే ఎస్వీ రంగారావు కిరీటం పోతుంది, నాట్యం చేసేవాళ్ల పాదాలు పోతాయి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ కొలిచి పెట్టిన వెలుగునీడల్లో ముప్పాతికే మిగులుతుంది. పక్కన రెండు నల్లటి పట్టీలు వదిలి పూర్తి ఫ్రేము చూపడం క్యురేటర్ మొదటి మర్యాద. ఇప్పుడు సినిమా హాలుకు డీసీపీ అనే డిజిటల్ ప్రతిగా వస్తుంది. దాన్ని తెరిచే తాళం ఫలానా సర్వర్‌కు, ఫలానా తేదీల మధ్యనే పనిచేస్తుంది. ప్రదర్శనకు ముందురోజు వెళ్లి ఆపరేటర్‌తో కలిసి మొదటి పది నిమిషాలు వేసి చూసుకోవడం మాకు నేర్పారు. మా నాన్నగారి తరం రిప్రజెంటేటివ్‌లు ఆ పని ఎవరూ చెప్పకుండానే చేసేవారు.

మన దేశంలో ఈ విద్యకు గురువులు లేక కాదు. పుణెలో 1964లో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది. పి.కె.నాయర్ అక్కడ జీవితమంతా పెట్టి సుమారు 12,000 సినిమాలు సేకరించారు. ఆయన వాటిని బీరువాలో దాచుకోలేదు. కర్ణాటకలోని హెగ్గోడు అనే పల్లెలో కె.వి.సుబ్బణ్ణ స్థాపించిన నీనాసం ద్వారా రైతులకూ కూలీలకూ ప్రపంచ సినిమా చూపించారు. వాళ్లు అకిరా కురొసావా గురించి తమ భాషలో తడుముకోకుండా మాట్లాడారు. మన దగ్గర కరీంనగర్‌లో వారాల ఆనంద్, ఆయన మిత్రులు ఫిల్మ్ సొసైటీని నడిపారు. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ ఎన్నో తరాలకు సినిమా చూడటం అలవాటు చేసింది. 2019 డిసెంబర్‌లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో వారం పాటు సినిమా పరిరక్షణ వర్క్‌షాప్ పెట్టింది. అదే సంస్థ 2024 సెప్టెంబర్‌లో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి దేశంలో 30కి పైగా ఊళ్లలో పది సినిమాలు వేసింది. ‘ప్రేమనగర్’ పక్కన ‘సుడిగుండాలు’ పెట్టారు. అభిమానుల ఓటింగ్‌కు వదిలితే ‘సుడిగుండాలు’ ఆ జాబితాలో ఉండేది కాదని నా నమ్మకం. చూసిన కుర్రాళ్లు దాని గురించే ఎక్కువసేపు మాట్లాడారు.

అదే ఫౌండేషన్ బాగుచేయించిన సినిమాలు కాన్ ఉత్సవంలో క్లాసిక్స్ విభాగానికి వెళ్తున్నాయి. 2022లో మలయాళ ‘తంప్’, 2023లో మణిపురి ‘ఇషానౌ’, 2024లో హిందీ ‘మంథన్’, 2025లో బెంగాలీ ‘అరణ్యేర్ దిన్ రాత్రి’. ఈ నాలుగు పేర్లలో తెలుగు లేదు. మణిపురిలో ఏడాదికి వచ్చే సినిమాలెన్ని, మనకు వచ్చేవెన్ని? మన సినిమాలు తక్కువవి కావు. ఫలానా సినిమా బాగుచేయడానికి తగినది, దాని నెగెటివ్ ఫలానా చోట ఉంది, దర్శకుడో ఛాయాగ్రాహకుడో బతికి ఉండగానే రంగులు సరిచూడాలి అని ఫైలు తయారుచేసి తలుపు తట్టే మనిషి మనకు లేడు.

ఈ కోర్సు చదివితే ఉద్యోగం వస్తుందా అని తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న. ఇవాళ ఈ పేరుతో ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. అందుకే వందమందిని చేర్చుకునే కోర్సు వద్దు. ఏటా పదిమంది చాలు. చిత్రోత్సవాలు, ఓటీటీ సంస్థలు, స్టూడియోల గోడౌన్లు, టీవీ చానళ్ల టేపు గదులు, మ్యూజియాలు, జిల్లా గ్రంథాలయాలు అన్నిటికీ ఈ పని తెలిసినవాళ్లు కావాలి. ఆ పని ఇప్పుడు తెలియనివాళ్లు చేస్తున్నారు, లేదా ఎవరూ చేయడం లేదు. కేరళలో 1996లో మొదలైన అంతర్జాతీయ చిత్రోత్సవం ఏటా తిరువనంతపురాన్ని నింపేస్తుంది. ప్రభుత్వం 1998లో చలచ్చిత్ర అకాడమీ పెట్టి దాన్ని నిలకడగా నడిపించబట్టి అది సాధ్యమైంది. మన రెండు ప్రభుత్వాలూ అవార్డుల మీద చూపే శ్రద్ధలో కొంత ఇటు మళ్లిస్తే చాలు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం, జర్నలిజం శాఖనూ గ్రంథాలయ శాస్త్ర శాఖనూ కలిపి, రెండేళ్ల పీజీ మొదలుపెట్టవచ్చు. విద్యార్థులు తెలుగులో పరీక్ష రాసే వీలుండాలి. ఇక్కడి సినిమా కాగితాలు చాలావరకు తెలుగులోనే ఉన్నాయి, వాటిని చదవలేని పట్టా దేనికీ పనికిరాదు. మొదటి ఏడాది పాఠాలతో పాటు చేయవలసిన పని ఒకటే: 1932 నుంచి వచ్చిన ప్రతి తెలుగు సినిమాకూ ప్రింటు ఎక్కడుంది, నెగెటివ్ ఉందా, హక్కు ఎవరిది అని జాబితా రాయడం. ఇద్దరు విద్యార్థులను రిటైరైన రిప్రజెంటేటివ్‌లు, ఆపరేటర్ల ఇళ్లకు పంపాలి. వాళ్లలో చాలామందికి ఎనభై దాటుతున్నాయి. వాళ్లకు గుర్తున్నది మరెక్కడా రాసి లేదు. రెండో ఏడాది ప్రతి విద్యార్థీ తన సొంత ఊళ్లో, మామూలు హాల్లో, టికెట్ పెట్టి మూడు రోజుల ప్రదర్శన చేసి చూపాలి. లండన్‌కో అమెరికాకో 30 లక్షలు పట్టుకుని పోగలిగిన పిల్లలకే ఈ చదువు మిగిలిపోకూడదు. తిరువూరు అమ్మాయికీ సిరిసిల్ల కుర్రాడికీ అందాలి.

వైస్ చాన్సలర్లకూ, రెండు ప్రభుత్వాల సాంస్కృతిక శాఖలకూ నా విన్నపం ఇదే. పాఠకులకు ఇంకొకటి. మీ ఇంట్లో పాత పాటల పుస్తకాలు, కరపత్రాలు, పోస్టర్లు, ఏ మూతపడ్డ హాలు గదిలోనో రీళ్ల డబ్బాలు ఉంటే దయచేసి తూకానికి అమ్మకండి. 1950కి ముందరి ఫిల్మ్ అయితే త్వరగా అంటుకుంటుంది, నిప్పుకు దూరంగా ఉంచండి. డబ్బా మూత తీస్తే పుల్లటి వాసన వస్తోందంటే ఫిల్మ్ పాడవడం మొదలైంది, ఇక ఆలస్యం చేయవద్దు. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఉత్తరం రాయండి.